నా నేల జారదు

మొదటిసారి మావగారింటికి వెళ్లినప్పుడు నేను తన మొహం చూడలేదని, హాల్లో పగిలిన గచ్చు చూశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది, నిజమే, చూశాను, కానీ ఆ పగులు గోడదాకా పాకలేదు, అంటే పునాది గట్టిదని అర్థం, అందుకే సంబంధానికి ఊ అన్నాను, ఈ సంగతి చెప్తే మెచ్చుకోవాల్సింది పోయి ఇంకో రెండు అంటుంది. ఏ గదిలోకి వెళ్లినా నేను ముందు నేల చూస్తాను, తరవాత గోడలు, ఆ తరవాత తీరికుంటే మనుషులు. ఈ పోలీస్ స్టేషన్ ముందు హాలు నా పని కాదు, నాకన్నా తక్కువకి ఒప్పుకున్నవాడెవడో వేశాడు, బల్ల మీద కూర్చుని బూటు మడమతో మెల్లగా కొట్టి చూస్తున్నాను, టక్కుమనాల్సింది డొబ్బుమంటోంది, కింద సిమెంటు పట్టలేదు, లోపలంతా బోలు, పైన మాత్రం మెరుపు, ఇలాంటివాళ్లు మా అపార్ట్‌మెంట్లో చాలామంది ఉన్నారు. "అలా కొట్టకండి సార్, పెద్దాయనకి చప్పుళ్లు పడవు" అన్నాడు టేబుల్ వెనకనుంచి రైటరు, స్టేషన్లో రాతకోతలన్నీ ఆయనవే, వేళ్లకి ఎప్పుడూ సిరా. చప్పుళ్లు పడని పెద్దమనిషి ఈ ఉద్యోగంలో ఎలా నెగ్గుకొస్తున్నాడో అడుగుదామనుకున్నాను, పక్కన కూర్చున్న మా బావమరిది నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కాడు, ఎడమ చెయ్యి, కుడిది కట్టులో ఉంది.

పెద్దాయనంటే ఇన్‌స్పెక్టరు. ఏదో మీటింగుకి వెళ్లారట, ఇదిగో వచ్చేస్తారట, పొద్దున్నించీ ఇదిగోలోనే ఉన్నారు. ఆయన ఎదుట నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి, అది నా చొక్కా జేబులో మడతపెట్టి ఉంది, జేబుకి చెమట పట్టి కాగితం ఒంటికి అంటుకుంటోంది. భవనాల శాఖవాళ్లు పంపిన నోటీసు. ఈ స్టేషన్ బాత్రూంలో నేను వేసిన నేల నాసిరకంది, నీళ్లు పడితే జారుతోంది, తప్పు నాదే, నా ఖర్చుతో తవ్వి మళ్లీ వేస్తాను, ఇదీ అందులో ఉన్నది. పెడితే ప్రభుత్వ పనులు ఎప్పటిలాగే వస్తాయి. పెట్టకపోతే నా పేరు బ్లాక్ లిస్టులోకి ఎక్కుతుంది, ఆ తరవాత బడి వరండాలు ఆసుపత్రి మెట్లు కాదు కదా, బస్టాపులో అరుగు కూడా నాకివ్వరు. పెడితే ఇంకోటి కూడా అవుతుంది. మా బావమరిది చెయ్యి విరిగింది నా టైల్ మీద జారిపడే అని ఖాయమైపోతుంది, ఇక ఆ మాట మార్చడం ఎవరి తరమూ కాదు, దేవుడే దిగొచ్చి సాక్ష్యం చెప్తానన్నా ముందు కాళ్లు తుడుచుకు రమ్మంటారు.

దీనికంతటికీ మూలం కొత్త చట్టం. మంచి చట్టమే, నేను కాదనను. పోలీసులు ఎవరిమీద చెయ్యి చేసుకున్నా, లాఠీ ఎత్తినా, తుపాకీ తీసినా, ఎవరిమీద, ఎందుకు, ఎంత దెబ్బ తగిలింది, ఇదంతా నెలనెలా రాసి పైకి పంపాలి, పైవాళ్లు దాన్ని జనం చూసేలా పెట్టాలి. చట్టం వచ్చిన రోజు మా అపార్ట్‌మెంట్ సెక్రెటరీ లిఫ్టు దగ్గర నన్ను ఆపి చాలా బాధపడ్డాడు, "పాపం వాళ్లకున్న పని చాలదా అండీ, కొట్టడమూ వాళ్లే, రాయడమూ వాళ్లేనా" అన్నాడు, ఆయనకి లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ల మీద కూడా ఇంత జాలి ఎప్పుడూ లేదు. కానీ పోలీసులు ఆయన అనుకున్నంత కష్టపడలేదు. బలప్రయోగం అన్న గడిలో లేదు అని రాశారు. మరి గాయాలో? గాయాలకి ఆసుపత్రివాళ్లు వేరే లెక్క పంపుతారు, అక్కడ లేదంటే కుదరదు, కాబట్టి కారణం అన్న గడిలో బాత్రూంలో తడి నేలపై జారి పడుట అని రాశారు. ఒకసారి రాశాక చెయ్యి అలవాటు పడింది. దొంగ జారాడు, తాగుబోతు జారాడు, తాగుబోతుని విడిపించడానికి వచ్చిన తమ్ముడూ జారాడు. పైన కూర్చుని లెక్కలు కూడేవాళ్లకి ఒకరోజు అనుమానం వచ్చింది, ఎందుకింతమంది జారుతున్నారని కాదు, ఆ నేల వేసిందెవడని. లాఠీని వెతకడానికి పుట్టిన చట్టం తిరిగి తిరిగి నా టైల్ దగ్గర ఆగింది. ఈ చుట్టుపక్కల మొత్తంలో అతి ప్రమాదకరమైన చోటు ఇప్పుడు నేను వేసిన బాత్రూమే, దాని తరవాతే కొండమలుపులు, రైల్వే గేట్లు.

ఆ బాత్రూం నాకు బాగా గుర్తు. గరుకు టైల్ వాడాను. చేత్తో రాస్తే ఇసక కాగితంలా ఉంటుంది. గరుకు టైల్ అంటే మనవాళ్లకి ఎంత చిన్నచూపో నాకు తెలుసు, ఇల్లు కట్టుకునే ప్రతివాడూ షాపులో మొదట దాని దగ్గరే ఆగుతాడు, కాళ్లు జారవండీ, ఇంట్లో పెద్దవాళ్లున్నారండీ అంటాడు, ఇంతలో భార్య పక్క వరసలో అద్దంలా మెరిసేది చూస్తుంది, ఆడపడుచు ఇంట్లో ఇలాంటిదే వేశారంటుంది, అంతే, పెద్దవాళ్లు ఓడిపోతారు. బాత్రూంలో మొహం కనపడాలి వాళ్లకి. గోడకి అద్దం పెట్టుకుని మళ్లీ నేలకి కూడా అద్దం పెట్టుకుంటారు, తరవాత కాలికి కట్టు కట్టుకుని నా దగ్గరికొచ్చి ఏదైనా ద్రావకం ఉందా అండీ గరుకు చెయ్యడానికి అని అడుగుతారు. స్టేషన్‌కి ఆడపడుచులు లేరు కాబట్టి నా ఇష్టప్రకారం వేశాను. నీళ్లు బయటికి పోయే జాలీ వైపు నేల వాలేలా వాటం పెట్టాను, మా మేస్త్రీ చేత మగ్గుతో నీళ్లు పోయించి ఎక్కడా మడుగు కట్టకుండా పోయేదాకా దగ్గరుండి చూశాను, ఒక మూల కొంచెం నిలిచిందని తవ్వించి మళ్లీ వేయించాను, మేస్త్రీ ఆ రోజు నన్నేదో అన్నాడు, పైకి కాదు, తాపీతో అన్నాడు, గట్టిగా గీరి. ఎవడొస్తాడయ్యా ఇక్కడికి స్నానానికి అని. వస్తారని నాకూ తెలియదు, అందరూ ఒక్కచోటే వచ్చి పడతారని.

మా బావమరిది డ్రాయింగు మాస్టారు, మా ఇంట్లోనే ఉంటాడు. బడి గేటుకి అడ్డంగా ఒక పోలీసాయన బండి పెట్టాడు, పిల్లలు బయటికి వచ్చే వేళ, వీడు వెళ్లి, దయచేసి కొంచెం పక్కకి తీస్తారా అన్నాడు. ఆ దయచేసి దగ్గరే వచ్చి ఉంటుంది చిక్కంతా, మర్యాద ఎక్కువైతే వెటకారంలా వినపడుతుంది, ఈ మాట నా పెళ్లైన కొత్తలోనే వాడికి చెప్పాను. మాట్లాడాలి స్టేషన్‌కి రమ్మన్నారు, వెళ్లాడు, మర్నాడు విరిగిన చేత్తో వచ్చాడు. వచ్చి గుమ్మంలోనే, అక్కయ్యా, స్టేషన్ బాత్రూంలో జారిపడ్డానే, అన్నాడు. అంత స్పష్టంగా వాడు ఏ మాటా చెప్పడం నేను వినలేదు. మా ఆవిడ ఏడుస్తూనే ఊపిరి పీల్చుకుంది, నాకు తెలుసు ఎందుకో. పోలీసులు కొట్టారంటే వచ్చినవాళ్లు కుర్చీ అంచున కూర్చుంటారు, ఏదో చేసే ఉంటాడు అనుకుంటారు, కాఫీ సగంలో లేస్తారు. జారిపడ్డాడంటే వెనక్కి వాలి కూర్చుని రెండో కప్పు అడుగుతారు, వాళ్లు జారిన కథలు చెప్తారు. చెప్పారు. సెక్రెటరీ తను పెరట్లో జారిన కథ చెప్పి వెళుతూ వెళుతూ రబ్బరు మ్యాటు ఇచ్చాడు, ఆయన్ని చూసి పైఫ్లాటువాళ్లు ఇంకోటి, వాళ్లకన్నా తక్కువా అని ఎదురింటివాళ్లు పూలున్నది. ఇప్పుడు మావాడి మంచం కింద పళ్లకన్నా మ్యాట్లే ఎక్కువున్నాయి. వినేవాళ్లు దొరికారని వీడు కథ పెంచాడు, మొదట్లో ఉత్త నీళ్లే, తరవాత సబ్బు ముక్క వచ్చింది, వారం తిరిగేసరికి ఫోను మోగింది, తియ్యబోయి జారాడు. మంచి చిత్రకారుడు కదా, ఖాళీ వదలడు. ఏ మూలరా జారావు, జాలీ దగ్గరా తలుపు దగ్గరా అని నేనడిగితే మాత్రం, నొప్పి బావా, అని కళ్లు మూసుకుంటాడు.

చొక్కా తొడుక్కోలేకపోతుంటే ఒకరోజు సాయం పట్టాను. వాడు గోడవైపు తిరగబోయాడు, గది చిన్నది, తిరగడానికి చోటు లేదు. నా టైల్ మీద ఉండేవి ఇసక రేణువుల్లాంటి చుక్కలు. వాడి వీపు మీద ఉన్నవి గీతలు. పొడుగ్గా, ఒకదాని పక్కన ఒకటి, పనితనం తెలిసినవాడు గీసినట్టు. మంచం మీద కూర్చోబెట్టి కాళ్లు పైకి పెట్టి లుంగీ సర్దబోతే, అరికాళ్లు వాచిపోయి ఉన్నాయి. బాత్రూంలో పడ్డవాళ్లని నా వృత్తిలో చాలామందిని చూశాను, మోచేతి మీద పడతారు, తుంటి మీద పడతారు, గడ్డం కొట్టుకుంటారు. అరికాళ్ల మీద పడ్డవాణ్ణి ఎక్కడా చూడలేదు. అరికాళ్ల మీద పడటాన్ని నిలబడటం అంటారు. వాడు నా కళ్లలోకి చూసి, గుండీలు పెట్టు బావా, అన్నాడు, పెట్టాను, పై గుండీ దాకా. అప్పటికి ఇంకా ఈ నోటీసు రాలేదు. వచ్చాక నాకు పట్టరాని కోపం వచ్చింది, నా టైల్‌నా అని, నా వాటాన్నా అని, ఇల్లంతా తిరుగుతూ అరిచాను, మా ఆవిడ కిటికీలు మూసింది. మనిషి వీపు చూసినప్పుడు గుండీలు పెట్టినవాణ్ణి నేల మీద మాట పడగానే కిటికీలు అదిరేలా అరిచాను, ఏం చేస్తాను, నాకు నేలే ముందు కనపడుతుంది, అక్కణ్ణించే పైకి చూడటం వచ్చు. చూశాను. ఆ నేల మీద జారారని లెక్కల్లోకెక్కిన వాళ్లందరి కాళ్లూ కనపడ్డాయి, దొంగవీ, తాగుబోతువీ, వాడి తమ్ముడివీ.

"ఏమండీ, సంతకం పెట్టెయ్యండి" అంది మా ఆవిడ, పొద్దున బయల్దేరుతుంటే. "మా తమ్ముడికే లేని పౌరుషం మీకెందుకు? మీరెళ్లి ఏదో అంటే రేపు వాడి బడివాళ్లకి తెలుస్తుంది. కావాలంటే నల్లరంగు టైల్స్ వెయ్యండి ఈసారి, దిష్టి పోతుంది." నేను సరిగ్గా పెడతానో లేదో చూసి రమ్మని తమ్ముణ్ణి తోడు పంపింది. ఇదీ మా ఇంట్లో వాటం, ఎక్కడ నీళ్లు పోసినా ఒక్కవైపుకే పోతాయి. తప్పు పట్టను. ఆవిడ తమ్ముడే, ఆవిడ ఏడుపే, రాత్రుళ్లు నేను నిద్రలేచి చూస్తే వాడి గది గుమ్మంలో నిలబడి ఉండేది, లోపలికి వెళ్లకుండా.

"బావా" అన్నాడు వాడు బల్ల మీద, రైటరుకి వినపడకుండా. "ఏం ఆలోచిస్తున్నావ్?"

"నీ గురించి కాదులే. టైల్ గురించి."

"మహా అయితే దానికి చెడ్డపేరొస్తుంది. దానికేమన్నా పెళ్లి కావాలా, ఉద్యోగం కావాలా? నాకు రేపు పిల్లల ముందు నిలబడాలి. స్టేషన్లో తన్నులు తిన్న మాస్టారు ఏనుగు బొమ్మ గీస్తే ఎవడు చూస్తాడు?"

"ఏ చేత్తో గీస్తావు?"

అలా అనుండకూడదు, కానీ నాది టైల్స్ నోరు, అంచులు పదునుగానే ఉంటాయి. "దానికి నోరు లేదని అందరూ దాని మీదకి తోశారు. నువ్వు నోరుండి తోశావు" అన్నాను. వాడు కట్టు మీద పీచు లేచిన దారాన్ని ఎడమ చేత్తో పీకుతూ కూర్చున్నాడు. ఆ కట్టు మీద బడిపిల్లలు బొమ్మలు గీశారు, చేప, రాకెట్టు, నవ్వే సూర్యుడు, ఎవరో చిలిపివాడు జారిపడుతున్న మనిషిని కూడా గీశాడు, కాళ్లు పైకి, చుట్టూ నీటి చుక్కలు. బాగా గీశాడు. వీడు నేర్పిందే కదా.

సంతకమంటే ఎంతసేపు. ఇంటి పన్ను కాగితం మీద పెట్టాను, సెక్రెటరీ తెచ్చిన అర్జీల మీద చదవకుండా పెట్టాను, లిఫ్టు కోసం, నీళ్ల ట్యాంకు కోసం, కింద ఇస్త్రీ బండి తీసేయించడం కోసం. చదివి పెట్టబోతున్నది ఇదే మొదటిది, అందుకే ఇంత కష్టంగా ఉంది. పోనీ పెడితే? తవ్వించి, ఉన్నదాన్ని మించిన గరుకు టైల్ వేస్తాను, దాని మీదా జారతారు. ముళ్లకంప పరిచినా జారతారు. వచ్చే ఏడు ఇంకో నోటీసు, ఇంకో సంతకం, లెక్కలు కూడేవాళ్లు పైన కూడుతూనే ఉంటారు, నేను కింద వేస్తూనే ఉంటాను, మధ్యలో ఎవడో ఒకడు గుమ్మంలో నిలబడి అక్కయ్యా జారానే అంటూనే ఉంటాడు. నా పని జనం నడవడానికి. వాళ్లని పడేసినవాళ్లు దాక్కోవడానికి కాదు.

బూట్ల చప్పుడైంది, రైటరు లేచాడు, మా బావమరిది కూడా లేచాడు, మావాడు హెడ్మాస్టరొస్తే కూడా అంత వేగంగా లేవడు. ఇన్‌స్పెక్టరు చిన్నగా, శుభ్రంగా, బ్యాంకు మేనేజరులా ఉన్నాడు. "అయ్యో, చాలాసేపైందా? టీ ఇచ్చారా వీళ్లకి? మాస్టారూ, చెయ్యి ఎలా ఉంది? జాగ్రత్తండీ, ఈ వయసులో ఎముకలు త్వరగా అతకవు" అన్నాడు, అందులో అంత నిజమైన ఆప్యాయత ఉంది, నేనే ఒక్క క్షణం, అవునేమో, జారాడేమో అనుకున్నాను.

"కూర్చోండి. ఒక్క సంతకం, అయిపోతుంది. మీ పేరు పాడుచెయ్యాలని మాకేం ఉంటుంది చెప్పండి? ఏదో ఒకటి రాయాలి కదా. ఖాళీ వదిలితే పైవాళ్లు ఒప్పుకోరు."

"జరిగింది రాయొచ్చు కదండీ."

"గడి చిన్నదండీ" అన్నాడు నవ్వుతూ. రైటరు కూడా నవ్వబోయి, నా మొహం చూసి పెన్ను మూత వెతుక్కున్నాడు.

"పని చూడకుండా సంతకం పెట్టడం మా లైన్లో లేదు సార్" అన్నాను. "నేల పాడైందంటున్నారు. ఒకసారి చూస్తాను."

చూడండి చూడండి, మీ నేలే కదా, అంటూ ఆయనే ముందు నడిచాడు, వరండా దాటి, వెనక వైపుకి, నా వెనక మా బావమరిది, వాడి వెనక రైటరు, పెళ్లివారికి విడిది చూపిస్తున్నట్టు. తలుపు తీశాను. నీలం రంగు, అలాగే ఉంది. ఒక్క టైల్ లేవలేదు, సందుల్లో సిమెంటు రాలలేదు. బకెట్లోంచి మగ్గుతో నీళ్లు తీసి పోశాను, నీళ్లు ఒక్కసారి పరుచుకుని, అటూ ఇటూ చూడకుండా, జాలీ వైపు వెళ్లిపోయాయి. బూట్లు విప్పి తడి మీద నిలబడ్డాను, కాలు కదిపాను, రుద్దాను. చెప్పుల్లేకుండా నేలమీద నిలబడితే ఎవరు వేశారో తెలిసిపోతుంది, నా చేతి పని నా అరికాలికి తగిలింది, నాకు ఉత్తపుణ్యానికి కళ్లు చెమర్చాయి. గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి చూస్తున్న మా బావమరిది అన్నాడు.

"నీలం టైల్సా బావా? నేను తెల్లవనుకున్నాను."

రైటరు నేల వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు మావాడి వైపు చూశాడు. వాడు నా వైపు చూశాడు, తను ఏమన్నాడో తనకి అప్పుడే తెలిసినట్టు, ఇప్పుడు కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు, నొప్పిలో రంగు గమనించలేదండీ అంటే చాలు, మా ఆవిడ ఇక్కడుంటే ఆ మాట అందించేది కూడా. నేను అందించలేదు.

"ఏంటి మాస్టారూ అంటున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఇంకా మెల్లగానే.

"ఈ గది నేనిప్పుడే చూస్తున్నానండీ" అన్నాడు వాడు. ఆ తరవాత వాడికి క్లాసులో వెనక బెంచీదాకా వినపడే గొంతు వచ్చింది. "ఆ రోజు నన్ను తీసుకెళ్లింది మెట్ల కింద గదికి. అక్కడ టైల్స్ లేవు. సిమెంటు గచ్చు. పొడిగానే ఉంది. మీ ఇద్దరు మనుషులూ, మీరూ ఉన్నారు."

"మెట్ల కింద గది నా కాంట్రాక్టులో లేదు సార్" అన్నాను నేను.

జేబులోంచి కాగితం తీశాను, చెమటకి అతుక్కున్న మడతలు విప్పి గోడకి ఆనించాను, రైటరు చేతిలో పెన్ను అడిగితే ఇచ్చాడు, ఇవ్వకూడదేమో, ఇచ్చాడు. అచ్చువేసిన దాన్ని అడ్డంగా కొట్టేసి కింద రాశాను, నేల బాగుంది, ఈయన పడింది ఈ గదిలో కాదు, అసలు పడలేదు, కొట్టారు. పొట్టి సంతకం కాకుండా ఇంటిపేరుతో సహా పెట్టాను. పెన్ను మా బావమరిది లాక్కుని మెట్ల కింద జరిగింది ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టాడు, ఒకటో తరగతి పిల్లాడిలా ఒక్కో అక్షరం, వంకర టింకరగా, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, కాగితం జారకుండా నేను రెండు చేతులా పట్టుకున్నాను.

"మీ ఇద్దరికీ దీని తరవాత ఏమవుతుందో తెలుసా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు బ్యాంకు మేనేజరులా లేడు.

"తెలుసండీ" అన్నాను, ఉత్త కాళ్లతో ఆ తడి మీదే నిలబడి. "ఏం చేసినా చేసినట్టే రాసి పైకి పంపండి. నా నేల మీద రాయకండి."